నిపుణసాక్ష్యము ప్రతి వ్యాజ్యమునకు కావలెనా?

వైద్యుడు రోగమును పోల్చుకొనలేకపోయినంత మాత్రమున అది నిర్లక్ష్యము కాదు. జ్వరములు ఒకదాని రూపమున మరియొకటి వచ్చును. చూడవలసినదానిని శ్రద్ధతో చూచెనా అనునదే ప్రశ్న. అది తేల్చుటకు న్యాయస్థానములు సాధారణముగా మరియొక వైద్యుని సాక్ష్యము కోరును. తోటివానికి ప్రతికూలముగా బోనెక్కు వైద్యుడు దొరకుట ఎంత కష్టమో మనమెరుగుదుము.

2002లో హైదరాబాదులో చలిజ్వరముతో ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీకి, విడాల్ పరీక్షలో టైఫాయిడు కానరాకున్నను, టైఫాయిడు చికిత్సయే జరిగినది. కొద్ది దినములకే ఆమె వేరొక ఆసుపత్రిలో మరణించినది. మరణకారణములలో మలేరియా కలదు. ఆమె భర్త వ్యాజ్యము వేయగా జిల్లా వినియోగదారుల ఫోరము 2 లక్షల రూపాయల పరిహారము విధించినది. నిపుణసాక్ష్యము లేదని రాష్ట్ర కమిషను దానిని కొట్టివేసినది. జాతీయ కమిషనును అట్లే అన్నది. తుదకు 2010లో సుప్రీంకోర్టు ఆ పరిహారమును నిలిపినది. విషయము జటిలమైనచోటనే నిపుణుడు కావలెను, తప్పు తనంత తానే కనబడుచున్నచోట అక్కరలేదని తీర్పు. రెండు లక్షల కొరకు ఎన్ని మెట్లు!

అచ్చట సాక్ష్యము పలికినవి ఆసుపత్రి కాగితములే. రోగిగాని, అతని తరఫువారుగాని కోరినచో 72 గంటలలోపల చికిత్సాపత్రముల నకళ్లు ఈయవలెనని వైద్యుల ప్రవర్తనా నియమావళి. ఇంటికి వచ్చుటకు ముందే అడిగి తెచ్చుకొందము.