వాక్యంలో కర్తను దాచకండి

ఈరోజు ఎంబీఏ, ఎంకామ్ పట్టాలు అందుకుంటున్న విద్యార్థులందరికీ హృదయపూర్వక అభినందనలు.

రేపటి నుంచి మీరు ఇతరుల డబ్బుకు లెక్క చెప్పాలి. క్రెడిట్ నోట్, ఆడిట్ రిపోర్టు, బోర్డుకు నివేదిక, బకాయి అడిగే ఈమెయిల్... ఇవన్నీ చాలావరకు ఇంగ్లిష్‌లోనే రాయాలి. అందుకే ఆ రాత గురించి మీకు ఒక్క మాట చెప్పదలచుకున్నాను. ఎవరు ఏం చేశారో, ఎవరు ఏం చేయాలో దాచకుండా చెప్పేదే మంచి వ్యాపార ఇంగ్లిష్.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ పతనం గురించి మీరు చదివే ఉంటారు. 2000 సంవత్సరపు ఖాతాలకు ఇచ్చిన వివరణల్లో ఆ కంపెనీ కొన్ని భాగస్వామ్య సంస్థలతో జరిపిన లావాదేవీలను ప్రస్తావించింది. వాటి వెనక ఉన్నది తమ 'సీనియర్ ఆఫీసర్' అని రాసింది కానీ పేరు రాయలేదు. ఆయన ఆ కంపెనీ ముఖ్య ఆర్థిక అధికారి ఆండ్రూ ఫాస్టో. తలపండిన విశ్లేషకులకు కూడా ఆ పేరాలు కొరుకుడు పడలేదు. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. వేలమంది ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు తుడిచిపెట్టుకుపోయింది. అది ఇంగ్లిష్ రాక రాసిన రాత కాదు, చెప్పడం ఇష్టం లేక రాసిన రాత.

అంతకు ముందే, 1998లో, అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. ప్రాస్పెక్టస్ ముఖపత్రం, సారాంశం, రిస్కుల వివరాలు సాదా ఇంగ్లిష్‌లో ఉండాలంది. చిన్న వాక్యాలు, వాడుక మాటలు, పని చేసినవారు కనిపించే క్రియలు కావాలంది. ఆ కమిషన్ వెలువరించిన కరదీపికకు ముందుమాట రాసిన ప్రముఖ మదుపరి వారెన్ బఫెట్, తన కంపెనీ వార్షిక నివేదికను అక్కాచెల్లెళ్లు డోరిస్, బెర్టీలతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుని రాస్తానన్నారు. వాళ్లు తెలివైనవాళ్లే కానీ అకౌంటింగ్ నిపుణులు కారు. మన రిజర్వ్ బ్యాంకు ఉద్దేశం కూడా అదే. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఇచ్చే టర్మ్ లోన్ల ముఖ్య వివరాల పత్రంలో వడ్డీ, ఛార్జీలు కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో చెప్పాలని 2024లో ఆదేశించింది.

తెలుగు మీడియంలో చదివిన విద్యార్థులారా, మీరు దేనికీ వెనకాడనక్కర్లేదు. మన ఇళ్లల్లో ఏ అమ్మా 'అన్నం వండబడింది' అనదు. 'అన్నం వండాను, రండి' అంటుంది. ఆ సూటిదనాన్ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లండి. ఒక ఆఫీసు ఈమెయిల్ చూడండి: 'ఇట్ హాజ్ బీన్ అబ్జర్వ్‌డ్ దట్ సర్టెన్ పేమెంట్స్ ఆర్ పెండింగ్.' ఎవరు చూశారు? ఏ పేమెంటు? ఎప్పటిలోగా కట్టాలి? దాన్నే ఇలా రాయండి: 'వుయ్ హావ్ నాట్ రిసీవ్‌డ్ 4 లాక్ రుపీస్ ఫర్ అవర్ జూన్ ఇన్వాయిస్. ప్లీజ్ పే బై 25 జులై.' ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. చదివినవాడు మళ్లీ ఫోన్ చేసి అడగాల్సినదీ ఏమీ లేదు.

చదివేవారు ఏ నిర్ణయం తీసుకోవాలో మొదటి వాక్యంలోనే చెప్పండి. అంకె పక్కన కరెన్సీ, కాలవ్యవధి రాయండి. విదేశీ క్లయింటుకు లక్షలను మిలియన్లలోకి మార్చేటప్పుడు సున్నాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టండి. పంపేముందు పైకి చదవండి. ఎక్కడ ఊపిరి ఆడకపోతే అక్కడ వాక్యాన్ని విరవండి. కామాలు, స్పెల్లింగులు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దిద్దిపెడుతుంది. మీరు రాయకుండా వదిలేసిన మొండిబకాయి సంగతి మాత్రం దానికి తెలియదు. ఆ బాధ్యత మీదే.

ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు నష్టాన్ని మెత్తటి మాటల్లో చుట్టి రాయమని మీకు చెప్పవచ్చు. ఆనాడు నష్టాన్ని నష్టమనే రాయండి. నిర్ణయం తీసుకున్నవారి పేరు రాయండి, అది మీ పేరైనా సరే. మీ సంతకాన్ని నమ్మి ఒక కుటుంబం తన పొదుపును ధైర్యంగా మదుపు చేయగలగాలి. అంతటి నమ్మకం సంపాదించుకునే రాత మీ అందరికీ అలవడాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.