రక్తము చెప్పు గడువు

చికిత్సకు లొంగని క్యాన్సరు రోగి మంచము ప్రక్కనుండి మేము వెలుపలికి రాగానే, వసారాలో బంధువులు చుట్టును జేరి "ఇంక ఎన్నాళ్ళండీ?" అని అడుగుదురు. దూరమున నున్న కుమారుని రప్పింపవలెనా, రోగిని ఇంటికి గొనిపోవలెనా, పొలము తాకట్టు పెట్టి మరియొకమారు మందెక్కింపవలెనా అను సందేహములన్నియు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి యున్నవి.

వైద్యుల అంచనా యెంతటిదో అమెరికాలోని చికాగోయందు పరిశీలించి 2000 సంవత్సరమున ప్రకటించిరి. 468 మంది అంత్యదశ రోగులను గూర్చి 343 మంది వైద్యులు చెప్పిన గడువులలో ఇంచుమించుగా సరిపోయినవి నూటికి 20 మాత్రమే. 63 వంతులు వాస్తవమునకు మించినవి. అందును రోగిని చిరకాలముగా నెఱిగిన వైద్యుడే హెచ్చుగా పొరబడుచుండెను. ప్రీతి కన్నులకు పొర గదా!

రక్తమునకు అట్టి మొగమాటము లేదు. క్యాన్సరు ముదిరిన దేహమున శోథ కుంపటివలె రగులుచుండును. అప్పుడు కాలేయము సి-రియాక్టివ్ ప్రొటీనును విరివిగా తయారుచేయును. రక్తమున ఆల్బుమిన్ తగ్గిపోవును. ఆ ప్రొటీనును 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తమున కనుగొనిరి. లీటరు రక్తరసమున అది 10 మిల్లీగ్రాములు దాటినచో ఒక గుర్తు, ఆల్బుమిన్ 35 గ్రాములకు తగ్గినచో మరియొక గుర్తు వేయుట గ్లాస్గో వైద్యుల పద్ధతి. రెండు గుర్తులును పడినవారు సాధారణముగా త్వరగా క్షీణింతురు. ఇటలీ వైద్యులు 1999లో ప్రకటించిన లెక్కలో తెల్లకణముల సంఖ్య, వానిలో లింఫోసైట్ల వంతు, రోగి ఆయాసము, ఆకలిలేమి, తుదకు వైద్యుని ఊహయు చేరినవి. ఆ లెక్క, నెలదినములు జీవించు అవకాశము నూటికి 70 పైనా, 30కి లోపా, నడుమనా అని మూడు తెగలుగా విభజించును; తేదీ చెప్పదు.

మఱియు మూత్రకోశమున చీము పట్టినను ఆ ప్రొటీను పెరుగును. అది మందుతో కుదురునది. కావున ఒక్క కాగితము చూచి ఆశ వదలుకొనుట తొందరపాటు. బ్రిటనులో 1,800 మందికి పైగా రోగులను పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితమును గమనింపదగినది: రక్తపరీక్షలతో గూడిన లెక్క, వైద్యుడును నర్సును కలిసి చెప్పిన అంచనాకు సమానముగా నిలిచినదే గాని దానిని మించినది కాదు.

అందుచే మేము దినములు లెక్కించి చెప్పము. "నెలలు కాదు, వారములు" అని మాత్రము చెప్పుదుము. ప్రాణము కడబట్టిన వానికి అనుదినము సూది గ్రుచ్చి రక్తము తీయుట మాకు సమ్మతము కాదు. పొలము జోలికి పోవలదందుము. కుమారునికి మాత్రము నేడే కబురంపుడందుము.