మీఠీ ఖాడీ ఒడ్డున ఉన్నది ఏ సముదాయం?

(లింబాయత్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్ర జీవుల పరిరక్షణలో సముదాయాల పాత్ర గురించి మాట్లాడమన్నారు. లింబాయత్‌లో సముద్రం కనిపించదు, మీఠీ ఖాడీ కనిపిస్తుంది. మీఠీ అంటే తియ్యనిది. ఆ పేరు పెట్టిన రోజుల్లో నీళ్లు అలాగే ఉండేవేమో! ఈ ఖాడీ మిండోలా నదిలోకి, మిండోలా అరేబియా సముద్రంలోకి పోతాయి. కాబట్టి సముద్రం ఇక్కడే మొదలవుతుందనుకుని మాట్లాడతాను.

గుజరాత్ తీరం అనగానే అందరూ చెప్పే ఉదాహరణ వేల్ షార్క్. ఒకప్పుడు నూనె కోసం, మాంసం కోసం చంపేవారు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చింది. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీ శాఖ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. మొరారి బాపు ఆ చేపను పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో పోల్చారు. అప్పటినుంచి మత్స్యకారులు వందల షార్కులను వలలు కోసి మరీ వదిలేశారు. మంచి పనే, తక్కువ చేసి చెప్పను. అయితే పరిహారం ఇచ్చేది తెగిన వలకు. వలేమో పడవ యజమానిది. ఆ పడవల మీద కూలికి వెళ్లేవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎందరో ఉన్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో వదిలిన 20 మంది వేరావల్ పడవల మీద పనికెళ్లినవాళ్లే. నివేదికల్లో ‘సముదాయం’ అని రాసినప్పుడు ఈ కూలీలను కలిపి రాస్తున్నారా?

గ్రామాన్ని ఆదర్శ సముదాయంగా కీర్తించేవాళ్లను బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే నిలదీశారు. పర్యావరణం బోధించేవాళ్లు ఆ ప్రసంగాన్ని ఎందుకు చదివించరో నాకు అర్థం కాదు. మహాడ్‌నే తీసుకోండి. చవదార్ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న దళితులు నీళ్లు ముట్టుకున్నందుకు దాడులు జరిగాయి. తర్వాత ఆవుపేడ, ఆవుమూత్రం పోసి చెరువును ‘శుద్ధి’ చేశారు. నీటి నాణ్యతను అక్కడ కులం కొలిచింది.

ఇప్పుడు లింబాయత్‌కు వద్దాం. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల మీద పనికొచ్చిన పద్మశాలి కుటుంబాలు, మరాఠీ దళితులు, ముస్లింలు పక్కపక్కనే బతికే చోటు ఇది. 2024 జులైలో లాగా గట్టి వాన పడితే ఖాడీ ఇళ్లలోకి వస్తుంది. అప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లకు పెట్టే పేరు ఆక్రమణదారులు. ఖాడీల్లోకి వచ్చే రంగు మాత్రం వాళ్ల ఇళ్లలోది కాదు. అద్దకం నీళ్ల రంగు అడుగుకు వెలుతురు పోనివ్వదు. మురుగు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అద్దకంలో వాడిన ఉప్పు మామూలు శుద్ధితో పోదు. నది ముఖద్వారంలో పెరిగే చేపపిల్లకూ, అక్కడి బురదలో తిండి వెతుక్కునే వలస పక్షికీ చివరికి చేరేది ఈ నీరే.

చేపకన్నా ముందు మనిషి చస్తున్నాడు. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ రసాయన వ్యర్థాలను దొంగచాటుగా కాలువలోకి వదిలింది. ఆ విషవాయువుకు 6 మంది చనిపోయారు. వాళ్లు కార్మికులు. దాన్ని పర్యావరణ నేరం అన్నారు, అది శ్రామిక హత్య కూడా. నగరం మురుగును అసలు మోస్తున్నదెవరో బెజవాడ విల్సన్ ఏళ్ల తరబడి లెక్కలతో సహా చెబుతున్నారు. 2013లో చట్టం వచ్చాక కూడా మ్యాన్‌హోళ్లలోకి మనుషులను దించుతూనే ఉన్నారు. నీటి పరిరక్షకుల జాబితాలో వాళ్ల పేర్లు నేనెక్కడా చూడలేదు.

శుద్ధి సాధ్యం కాదని ఎవరూ చెప్పనక్కర్లేదు. బమ్రోలీలో రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు పెట్టి, 2014 నుంచి పాండేసరా పరిశ్రమలకు ఆ నీటిని అమ్ముతున్నది సూరత్ కార్పొరేషనే. ఏ పేటకు ముందు, ఏ పేటకు తర్వాత అన్నదే ప్రశ్న.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి. 2004 కేంద్ర నియమాల్లో నామినేట్ అయ్యే 6 మందిలో మూడోవంతు మహిళలు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలన్నారు. ఆరుగురిలో 18 శాతం అంటే ఒక్క మనిషి కన్నా కాస్త ఎక్కువ, అంతే! మీ కమిటీలో ఉన్న ఎస్సీ, ఎస్టీలు ఎవరో, ఎక్కడుంటారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. అదే చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పేటకు సంబంధించింది మీరే మొదలుపెట్టండి. నీళ్లు ఏ రోజు ఏ రంగులో వచ్చాయి, వాసన ఏ వేళకు మొదలైంది, పిల్లలకు దద్దుర్లు ఎప్పుడు వచ్చాయి, ముసలివాళ్లు ఈ ఖాడీలో ఏ చేపలు చూశారు, కాలువ శుభ్రం చేయడానికి ఎవరిని దించారు, వాళ్ల చేతికి గ్లవుజులు ఉన్నాయా లేదా, తేదీ వేసి రాయండి. తెలుగులో రాయండి, గుజరాతీలో ఒక ప్రతి తీయండి.