ప్రయాణికుడి పేర రాసిన నష్టం

గురువుగారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన పాండిత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నాకు గుర్తున్నది ఒక్కటే: ఏ పట్టిక చేతికిచ్చినా మొత్తం చూసేముందు అడుగున చిన్నక్షరాల్లో ఉన్న వివరణ చదివేవారు, మాచేత పైకి చదివించేవారు. ఇవాళ నేను చేయబోయేది ఆ పనే.

రైల్వే పద్దును వేరుచేయమన్న 1921 నాటి ఆక్వర్త్ కమిటీ నివేదిక, 1924లో రైల్వే బడ్జెట్ విడిపోవడం, 2017లో తిరిగి సాధారణ బడ్జెట్‌లో కలిసిపోవడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

నా పేచీ ఒక్క వాక్యంతో. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే ఛార్జీలుగా వస్తోందని రైలు టిక్కెట్ల మీద కొన్నేళ్లపాటు అచ్చు వేశారు. ఈ 57 ఎలా తేలింది? బొగ్గు బండి, ప్యాసింజర్ బండి నడిచేది ఒకే పట్టాల మీద. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు, స్టేషన్ సిబ్బంది జీతాల్లో ఎవరి వాటా ఎంతో పద్దు రాసేవారు ఎంచుకున్న పద్ధతే నిర్ణయిస్తుంది. పద్ధతి మారిస్తే నష్టమూ మారుతుంది. ఇది నాకు పుట్టిన అనుమానం కాదు. రైల్వే ఖర్చులు చాలావరకు ఉమ్మడి ఖర్చులని ఆర్థికవేత్త టౌసిగ్ 1891లోనే వాదించాడు. 1912లో మరో ఆర్థికవేత్త పిగూ ఒప్పుకోలేదు. ఆ వాదం ఆర్థికశాస్త్ర పత్రికలకెక్కింది. ఎవరి పక్షం వహించినా, స్థిర ఖర్చును సరుకుకూ మనిషికీ పంచిపెట్టే తిరుగులేని సూత్రం మాత్రం ఆ చర్చలో దొరకదు.

‘సగటు తెలిస్తే చాలదా?’ అంటారు కొందరు మిత్రులు. చాలదు. ముంబయి లోకల్, ఏసీ త్రీటైర్, కాకినాడ–కోటిపల్లి బండి ఒకే సగటులో కలిస్తే దేని నష్టం ఎంతో కనబడదు. త్రీటైర్ ఏసీ తన ఖర్చు తాను రాబట్టుకున్న సంవత్సరాలున్నాయని కాగ్ నివేదికలే చెప్పాయి.

అసలు నష్టమే లేదనేవారితోనూ నేను ఏకీభవించను. నష్టం ఉంది. దాన్ని సరుకు రవాణా, అందులోనూ బొగ్గు, మోస్తోంది. బొగ్గు రవాణా ఖర్చు చివరికి కరెంటు బిల్లులో చేరుతుంది. పార్లమెంటు ఓటు వేయని పన్ను ఇది. సామాజిక బాధ్యతగా నడిపే సేవల ఖర్చు ప్రభుత్వమే భరించాలని 2015లో రైల్వే సంస్కరణలపై వేసిన దేబ్రాయ్ కమిటీ స్పష్టంగా చెప్పింది. బ్రిటన్ 1968 రవాణా చట్టంతోనే అటువంటి సర్వీసులకు నేరుగా గ్రాంటు ఇచ్చింది. మన దగ్గర కూడా సరిహద్దుల్లోని వ్యూహాత్మక లైన్ల నిర్వహణ నష్టాన్ని ఖజానా రైల్వేకు చెల్లించే ఏర్పాటుంది. సరిహద్దుకు చెల్లిన న్యాయం కోటిపల్లికి ఎందుకు చెల్లదు?

ప్రభుత్వానికీ రైల్వేకూ మధ్య ఒప్పందం లేని సేవకు రక్షణ ఉండదు. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లను స్పెషళ్ల పేరున నడిపి, పది రూపాయల కనీస ఛార్జీని ముప్పై చేశారు. 2024లో మళ్లీ తగ్గించారు. పెంచేటప్పుడూ తగ్గించేటప్పుడూ ఆ బండి ఎక్కే కూలీని, విద్యార్థిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఇక్కడినుంచే మొదలైంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకేసి, 2004లో తిరిగి వేసిన కోటిపల్లి లైనును నమూనాగా తీసుకుని ఒక సేవా ఒప్పందం ముసాయిదా రాస్తున్నాను. బండి ఆపేస్తే నిజంగా తగ్గే ఖర్చెంత, టిక్కెట్ల రాబడి ఎంత, బస్సు ఛార్జీలో ప్రయాణికుడికి ఆదా అయ్యేదెంత అన్న మూడు లెక్కలు అందులో విడివిడిగా ఉంటాయి. రోజుకు ఎన్ని బండ్లు, ఎక్కడ ఆగాలి, మాట తప్పితే చెల్లింపులో ఎంత కోత అన్నవి షరతులు. ఐరోపా సమాఖ్య 2007 నిబంధన కింద ఇలాంటి ఒప్పందాలు అక్కడ మామూలే.

దీనికి కావలసింది లైన్లవారీ పద్దు. దాన్ని రైల్వే బోర్డు ఏటా ప్రచురించాలి. మన ఎంపీలు ఏ లైను కావాలో అడగడంతో ఆగకుండా, ఆ లైను నడిపే డబ్బుకు బడ్జెట్‌లో పద్దు పెట్టించాలి.