పడవ మోటారు అడుగుభాగము: దెబ్బలు, మరమ్మతు



సంస్కృతమున చుక్కానికి కర్ణమని పేరు. దానిని పట్టువాడు కర్ణధారుడు. తెడ్డు అరిత్రము. మన సోదరులు పడవ వెనుక తగిలించుకొను మోటారునందు నీట మునిగియుండు అడుగుభాగము ఈ రెండు పనులను తానే చేయుచున్నది. అది చెడినచో పడవ ముందునకు సాగదు, మళ్లింపబడదు. నడిజలాశయమున గాలి లేచిన వేళ ఈ దురవస్థ యెట్టిదో మాచర్ల ప్రాంతపు బెస్తలకు నేను చెప్పనక్కరలేదు.

నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఇక్ష్వాకుల విజయపురి యుండిన లోయ ఆ నీటి క్రిందనే యున్నది. పూర్ణమట్టము 590 అడుగులు. వేసవిలో మట్టము దిగినకొలది నిన్న లోతుగా నున్న చోట నేడు బండ తగులును. దిగువ పులిచింతలయందును మునిగిన పల్లెలు గలవు. దెబ్బ తగులుట తప్పదు. తగిలిన పిదప ఏమి చేయుదుమనునదే ప్రశ్న.

చిన్న మోటార్లలో పంకాను ఇరుసునకు బంధించు మెత్తని లోహపు చీల యొకటి యుండును. పంకా రాతికి తగిలినపుడు అది తాను విరిగి లోపలి గేర్లను కాపాడును. విరుగుటయే దాని ధర్మము. ఈ సంగతి నెరుగక కొందరు దాని స్థానమున గట్టి ఉక్కు మేకును దిగగొట్టుదురు. మరుసటి దెబ్బకు మేకు నిలుచును, గేర్లు పోవును! అసలైన చీలలు నాలుగు పడవలోనే యుంచుకొనుట మేలు.

పంకా వంకరపోయినచో అదురు పుట్టును; అదురువలన బేరింగులు, సీళ్లు అరుగును. పంకాను చేతితో నెమ్మదిగా త్రిప్పి ఇరుసు ఊగుచున్నదేమో చూడవలెను. ఇరుసే వంగినచో దానిని మార్చవలసినదే.

రాతికన్న మాయగా చెడుపు చేయునది మన వలదారమే. నైలాను పోగు పంకా వెనుక చుట్టుకొని సీలును కోయును. నీరు లోనికి జొచ్చును. కావున పంకాను అప్పుడప్పుడు విప్పి చూడవలెను. గేరు నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని నిశ్చయము. నూనె మార్చినంత మాత్రమున వ్యాధి కుదురదు, సీలు మార్చవలెను. పిదప ఖాళీ పెట్టెలోనికి మోటారు తయారుచేసినవారు చెప్పిన మేర గాలి నెక్కించి, నీట ముంచి, బుడగలు వచ్చునేమో పరీక్షింపవలెను. క్రొత్త నూనెను క్రింది రంధ్రమునుండి పై రంధ్రమున పొంగువరకు ఎక్కించి, ముందు పై మరను, తరువాత క్రింది మరను బిగింపవలెను. పైనుండి పోసినచో లోపల గాలి నిలుచును.

అడుగున నుండు రెక్క విరిగినచో అల్యూమినియము అతుకు తెలిసిన పనివానిచే అతికింపవచ్చును. వేడికి సీళ్లు మాడును గనుక లోపలి సామగ్రిని ముందే తీయింపవలెను. వంగిన రెక్కను సుత్తితో కొట్టుట మాత్రము వలదు. పోతలోహము పగులును.

అప్పు చేసి కొన్న మోటారు వారము ఒడ్డున పడియున్నచో ఆ యింట పొయ్యి వెలుగుట కష్టము. పోషకులకు నా విన్నపమొక్కటి. భోజనశాల వ్యయములో కొంత తగ్గించియైనను మాచర్లలో సీళ్లు, చీలలు, గాలి కొలుచు సాధనము ఒకచోట నుంచి, మన బాలురిరువురికి ఈ పని నేర్పింపుడు. చందా పట్టిక వేదిక ప్రక్కనే యున్నది.