పాదాన్ని పట్టాలి, అడగ్గానే వదలాలి

లాస్ వేగస్ నుంచి లాస్ ఏంజిలస్ వైపు కారులో వెళ్లిన మనవాళ్లకు ప్రిమ్ దగ్గర కనిపించే తెల్లటి బయలు గుర్తుండే ఉంటుంది. అది ఇవాన్‌పా ఎండు సరస్సు. మూడు చక్రాల బండిలో కాళ్లు చాపుకు కూర్చుని, పెద్ద గాలిపటం లాగుతుంటే అక్కడ దూసుకుపోతుంటారు. ఆ బండే కైట్ బగ్గీ. ఇప్పటి రూపం 1990 ప్రాంతంలో న్యూజిలాండ్ వాసి పీటర్ లిన్ చేతుల్లో తయారైంది.

చేతులు రెండూ పటానికే సరిపోతాయి. అందుకే బండిని తిప్పేది పాదాలు. ముందు చక్రానికి అటూ ఇటూ ఉన్న గొట్టాల మీద అవి ఆనుతాయి. గతుకు తగిలి పాదం జారి నేలకు తగిలిందో, బండి ఆగదు. కాలు వెనక్కి మడతపడి ఇరుసు కిందికి పోతుంది. ఎముక విరిగేది అలాగే. పాదాన్ని గొట్టం మీద నిలిపే పట్టీ కావాల్సింది ఇందుకే.

పట్టీకి పాత కారు సీటు బెల్టు చాలా మంచిది. రెండంగుళాల వెడల్పు, పాలియెస్టర్ నేత, తడిసినా పెద్దగా సాగదు. మన మంచాల నూలు నవారు మాత్రం వద్దు, తడికి చీకిపోతుంది. బూటు తొడుక్కుని, పాదాన్ని గొట్టం మీద ఆనించి, పైనుంచి టేపుతో కొలవండి. రెండు వేళ్లు దూరేంత వదులు, రెండు చివర్లా చుట్టడానికి మూడేసి అంగుళాలు కలుపుకోండి. కోసిన అంచుల్ని కొవ్వొత్తి మంట దగ్గర పెడితే పోగులు ఊడవు.

ఇప్పుడు అసలు కిటుకు. పాత సైకిలు ట్యూబు ముక్కలోకి ఈ బెల్టును దూర్చండి. రబ్బరు బిగువుకి పట్టీ చతికిలబడకుండా విల్లులా లేచి నిలబడుతుంది. పటం చేతిలో ఉండగా వంగి పట్టీ సర్దుకోలేం కదా, పాదం దానంతటదే దూరాలి. చివర్లను గొట్టానికి చుట్టి, గ్యాస్ ట్యూబుకు బిగించే క్లిప్పు లాంటిదే పెద్దది వేసి బిగించండి. గొట్టానికి రంధ్రం పెట్టకండి, బలం పోతుంది. క్లిప్పు స్క్రూ పాదానికి అవతలి వైపు ఉండాలి. దాని పదును అంచు మీద టేపు చుట్టండి.

మడమ వెనక మాత్రం ఏ పట్టీ వద్దు. నేను మొదట చేసిన జత మడమను కూడా బిగించి పట్టుకునేది. ఓ గాలి విసురుకు పటం నన్ను పక్కకు లాగేసింది, పాదం మాత్రం రాలేదు. మోకాలు మెలిపడి మూడు వారాలు కుంటుతూ నడిచాను. ఎంత బలమైన పట్టీ అన్నది ఆ రోజు నుంచి నేను రెండో ప్రశ్నగానే అడుగుతున్నాను. మొదటిది, పాదం ఎంత తేలిగ్గా బయటికొస్తుందని.

అది ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. పటం లేకుండా బండిలో కూర్చోండి. కళ్లు మూసుకుని రెండు పాదాలూ ఒకేసారి వెనక్కి లాగండి. తర్వాత ఎవరినైనా బండిని మెల్లగా పక్కకు వంచమని అడిగి, అలా ఒరిగినప్పుడూ లాగి చూడండి. పదిసార్లలో ఒక్కసారి ఇరుక్కున్నా పట్టీని వదులు చేయాల్సిందే.

కొత్త పట్టీలతో మొదటి రోజు, మీ దగ్గరున్న వాటిలో చిన్న పటమే ఎగరేయండి.