వ్యక్తిగత వ్యాసం అర్జీ కాదు
(విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి ఇంజనీరింగ్ కౌన్సెలింగులో మన పిల్లలను ర్యాంకు అడుగుతారు, బీసీ-ఈ ధ్రువపత్రం అడుగుతారు. నీవెవరవు, ఏమి ఆలోచిస్తావు అని అడగరు. విదేశాల్లో డిగ్రీ చదవదలచిన వారికి ఆ ప్రశ్న తప్పదు. అమెరికాలోని అనేక కళాశాలలకు ఉమ్మడిగా పంపే కామన్ యాప్ దరఖాస్తులో వ్యాసం 650 పదాలకు మించరాదు. బ్రిటన్‌లో యూకాస్ సంస్థ 2026 ప్రవేశాల నుండి దానిని మూడు ప్రశ్నలుగా విభజించింది. మూడింటికీ కలిపి 4000 అక్షరాలే. ఇంత ఇరుకు చోటులో ఏది ఉంచాలి, ఏది విడవాలి?

మేము ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా అర్జీలు చదివినవాళ్లం. కష్టాలను వరుసగా పేర్చి, చివర దయతలచమని వేడుకోవడం అర్జీ పద్ధతి. మన ఇళ్లకు అలవాటైన రాత అదే. అందువల్లనే మా వద్దకు వచ్చే వ్యాసాలు చాలావరకు పేదరికంతో మొదలై పేదరికంతోనే ముగుస్తాయి. చదివేవారికి తండ్రి సంపాదన తెలుస్తుంది గాని, బిడ్డ తెలియదు. సంపాదన చెప్పడానికి ఆర్థిక సహాయ పత్రాలు వేరుగా ఉన్నాయి కదా!

ప్రజారోగ్యం చదవదలచిన ఒక అమ్మాయి తన ముసాయిదా తెచ్చింది. ఆటో నడిపే తండ్రి, ముస్లింలని అద్దెకు ఇల్లు ఇవ్వని యజమానులు, బడిలో వచ్చిన బహుమతులు, అన్నీ ఉన్నాయి. తల్లికి తోడుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లినప్పుడల్లా, ఉర్దూ మాత్రమే తెలిసిన స్త్రీలకు డాక్టరు తెలుగులో చెప్పినది విడమరచి చెబుతుందని మాటల మధ్య తెలిసింది. మాత్రలు తిండికి ముందో తరువాతో అర్థంకాక ఒకామె వాటిని వేసుకోవడమే మానేసిందట. ఇది రాయలేదేమమ్మా అంటే, “రాయడానికేముంది చాచా, ఇంటిపని లాంటిదే కదా” అన్నది. ఆమె చదవబోయే శాస్త్రం ఆ వరుసలోనే ఉంది!

బహుమతులు తీసేశాము. అద్దె ఇంటి సంగతి? భయంతో తీయవద్దు, జాలి కోసం ఉంచవద్దు, ఆ అనుభవం నీచేత ఏమి చేయించిందో చెప్పగలవా అని అడిగాము. ఆలోచించి తానే కొట్టివేసింది. ఉర్దూ మాట కూడా తీసేయమని తండ్రి పట్టుబట్టారు. దానికి మేము ఒప్పుకోలేదు. ఆ మాట లేకుంటే ఆమె చేసిన పనికే అర్థం లేదు.

అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ప్రవేశాలకు జాతిని ప్రాతిపదికగా తీసుకోరాదన్నది. అయితే జాతి తన జీవితంపై చూపిన ప్రభావాన్ని విద్యార్థి రాసుకుంటే, దానిని అతని గుణానికో సామర్థ్యానికో ముడిపెట్టి పరిశీలించవచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. తీర్పు జాతి గురించినదే, మతం గురించి కాదు. అయినా మన పిల్లలు గ్రహించవలసింది అందులో ఉంది: గుర్తింపు చెప్పి ఊరుకుంటే చాలదు.

కష్టాన్ని కాస్త పెంచి రాయమనే కన్సల్టెన్సీలు ఉన్నాయి. డబ్బిచ్చి లేని కన్నీళ్లు కొనకండి. యూకాస్ ప్రతి వ్యాసాన్నీ పాతవాటితో పోల్చి చూస్తుంది కూడా. అక్క తలాక్, అన్న మీది కేసు వంటివి రాయాలనుకుంటే ముందుగా వారి అనుమతి అడగండి. ఆ కథ వారిది.

ఆదివారాలు జొహర్ నమాజు తరువాత మేము ఇక్కడే ఉంటాము. చేతిరాత ముసాయిదా అయినా ఫరవాలేదు. తండ్రులు కాక, రాసిన పిల్లలే తీసుకురావాలి.